మైనం మీద మాటలు: బ్లాస్కెట్ దీవి కథలూ ఐరిష్ ఫోక్‌లోర్ కమిషనూ

ఐర్లండ్ నైరుతి మూలన, కెర్రీ తీరంలోని డన్ క్వీన్ గ్రామానికి ఎదురుగా సుమారు 2 కిలోమీటర్ల దూరంలో గ్రేట్ బ్లాస్కెట్ దీవి ఉంది. ఆ దీవి మొత్తం ఒకటే కొండ, దాని మీద చెట్టన్నది లేదు. 20వ శతాబ్దం మొదట్లో అక్కడ నూట యాభై మందికి పైగా ఉండేవారు. చేపలు పట్టేవారు, గొర్రెలు కాసేవారు, కొండ మీది నుంచి పీట్ మట్టిపెళ్లలు కోసి తెచ్చి పొయ్యిలో కాల్చుకునేవారు. దీవిలో చర్చి లేదు, డాక్టరు లేడు, దుకాణం లేదు. చెక్క చట్రానికి గుడ్డ బిగించి తారు పూసిన నేవోగ్ పడవ ఒక్కటే వాళ్లకు రాకపోకల సాధనం. వాళ్ల భాష ఐరిష్. దేశంలో చాలాచోట్ల ఇంగ్లీషు ధాటికి వెనకబడిన ఆ భాష ఇక్కడ నిండుగా బతికి ఉండటంతో పండితులు ఈ దీవిని వెతుక్కుంటూ వచ్చారు.

1907లో నార్వే నుంచి కార్ల్ మార్‌స్ట్రాండర్ వచ్చాడు. 1910లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రాబిన్ ఫ్లవర్ వచ్చాడు. ఇద్దరికీ భాష నేర్పింది తోమాస్ ఓ క్రిహన్ అనే జాలరి. దీవివాళ్లు ఫ్లవర్‌ను సొంతవాడిగా చూసుకుని, ఆయన పేరుకు పువ్వనే అర్థం ఉంది కదా అని ‘బ్లాహీన్’ అని పిలుచుకున్నారు. 1946లో ఆయన చనిపోయాక చితాభస్మాన్ని ఆ కొండ మీదే చల్లారు.

తోమాస్‌ను రచయితను చేసింది మాత్రం 1917లో అక్కడికి వచ్చిన బ్రయన్ ఓ కెలీ. గోర్కీ రచనలు, పియెర్ లోటి రాసిన జాలరుల కథ చదివి వినిపించి, సామాన్యుడి బతుకు కూడా పుస్తకమవుతుందని ఆయనకు నమ్మకం కలిగించాడు. అప్పటికి తోమాస్‌కు అరవై దాటాయి. బడిలో ఆయనకు ఇంగ్లీషు చదువే దొరికింది, మాతృభాషలో చదవడం, రాయడం నడివయసులో తనంతట తానే నేర్చుకున్నాడు. 1909లో నీళ్లలో కొట్టుకుపోతున్న ఒక యువతిని కాపాడబోయి ఆయన కొడుకు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంకా చాలామంది బిడ్డలను ఆయన మట్టిలో పెట్టాడు. అంత దుఃఖం మోసిన మనిషి 1929లో అచ్చయిన ‘అన్ తిల్యానఖ్’ (దీవి మనిషి)లో తన ఏడుపుకు కొద్ది వాక్యాలే ఇచ్చాడు. గడ్డికప్పులో కోళ్లు గూళ్లు పెట్టి గుడ్లు పెట్టిన సంగతి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు కోసం ఊరంతా పరుగెత్తిన సంగతి మాత్రం తీరిగ్గా చెప్పాడు. దీవి బతుకు లోపలి నుంచి ఎలా ఉంటుందో ఈ పుస్తకం బయటివాళ్లకు తెలిపింది. సంపాదకుడు అందులో కొన్ని భాగాలు తీసేశాడు. పూర్తి పాఠం 2002లో గానీ వెలుగు చూడలేదు.

1933లో ఈ దీవివాడే అయిన మురిష్ ఓ సూలవాన్ తన ఇరవై ఏళ్ల ఎదుగుదల రాశాడు. 1936లో పెగ్ సేయర్స్ జీవితకథ వచ్చింది. పెగ్ పుట్టిల్లు డన్ క్వీన్, మెట్టినిల్లు ఈ దీవి. ఐరిష్‌లో రాయడం ఆమెకు రాదు. ఆమె చెబుతుంటే కొడుకు మిహాల్ రాసుకున్నాడు. ఆ పుస్తకాన్ని దశాబ్దాల పాటు బడిపిల్లలకు పాఠ్యంగా పెట్టారు. పరీక్ష భయంతో చదివిన తరాలకు పెగ్ అంటే ఎప్పుడూ కష్టాలు చెప్పుకునే ముసలమ్మగానే మిగిలింది. ఆమె నోట కథ విన్నవాళ్లు ఎరిగిన పెగ్ మరొకరు: నవ్వించేది, మాట విరిచేది, వందల కథలు కంఠస్థంగా చెప్పేది. ఆమెకు జరిగిన ఈ అన్యాయాన్ని ఇప్పటికీ ఎవరూ పూర్తిగా సరిదిద్దలేదు.

ఆ మరో పెగ్ మనకు దక్కిందంటే అది ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ చలవే. తర్వాత దాన్ని నడిపించిన జేమ్స్ డెలార్జీ యువకుడిగా 1923లో కెర్రీ వెళ్లి, చదువురాని గొప్ప కథకుడు షాన్ ఓ కొనెల్ ఇంట కూర్చుని కథలు రాసుకున్నాడు. ఇలాంటివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారన్న దిగులు ఆ రోజు నుంచి ఆయనను వదల్లేదు. 1927లో జానపద సమాజం, దాని పత్రిక ‘బేలుదస్’ మొదలయ్యాయి. 1928లో ఆయన స్వీడన్ వెళ్లి సేకరణ పద్ధతులు చూసి వచ్చాడు. 1935లో ప్రభుత్వ నిధులతో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ ఏర్పడింది, దానికి ఆయనే డైరెక్టర్. ఉప్సాలాలో శిక్షణ పొందిన షాన్ ఓ సూలవాన్ రాతప్రతుల భాండాగారాన్ని చూసుకున్నాడు. సేకర్తకు ఏ ప్రశ్నలు అడగాలో నేర్పే పెద్ద పుస్తకాన్ని 1942లో ఆయనే రాశాడు.

ఊరూరా తిరిగినవాళ్ల పేర్లు చెప్పుకోవడం ధర్మం: డానిగాల్‌లో షాన్ ఓ హోహీ, కెర్రీలో టైగ్ ఓ మురహూ, షోసవ్ ఓ డాలీ, గాల్వేలో లియమ్ మాక్ కొష్‌డాల, ప్రాన్షియస్ డి బూర్క, ఉత్తరాన మైకేల్ మర్ఫీ, పాటల కోసం తిరిగిన షేమస్ ఎనిస్. వీళ్లలో చాలామందికి ఉద్యోగ భద్రతా లేదు, పింఛనూ లేదు. 1937 నుంచి 1939 వరకు సుమారు 5,000 బడుల పిల్లలు ఇంట్లో పెద్దలను అడిగి రాసి తెచ్చిన నోటుపుస్తకాలు ఈ సంపదలో మరో భాగం.

డన్ క్వీన్ బడిపంతులు కొడుకైన ఓ డాలీ ఎడిఫోన్ యంత్రాన్ని మోసుకుని పెగ్ ఇంటికి వెళ్లేవాడు. ఆమె కథ మైనపు సిలిండర్ మీదికి ఎక్కేది. ఆయన దాన్ని మళ్లీ మళ్లీ తిప్పి వింటూ, మాట పోకుండా కాగితం మీద పెట్టేవాడు. ఆ పని అయ్యాక సిలిండర్ పైపొర గీకి, కొత్త కథకు వాడేవారు. సిలిండర్లు కొనడానికి డబ్బు చాలదు మరి. కథలు కాగితం మీద నిలిచాయి, చెప్పిన గొంతులు మాత్రం చాలావరకు ఆ గీకిన పొట్టుతో పాటే పోయాయి.

ఈలోగా దీవి ఖాళీ అవుతూ వచ్చింది. యువతీయువకులు అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తరలిపోయారు. 1941లో బడి మూతపడింది. 1947 జనవరిలో ఒక యువకుడు మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) పడిపోయాడు. తుఫానుకు రేడియో టెలిఫోను మూగబోయింది, పడవ కదలలేదు. డాక్టరూ మతగురువూ రాకుండానే అతను పోయాడు. సముద్రం శాంతించేదాకా శవం ఇంట్లోనే ఉంది. ఏప్రిల్‌లో తిండికి కటకట వచ్చి, దీవివాళ్లు ప్రధాని డి వలెరాకు నేరుగా టెలిగ్రామ్ కొట్టారు. తిండి వచ్చింది. జూలైలో ఆయనే స్వయంగా వచ్చి చూశాడు. తమను ఒడ్డుకు చేర్చమని వాళ్లు అడిగారు. ఆ కోరిక తీరడానికి ఆరేళ్లు పట్టింది. వాళ్ల మాటను జాతి సంపదగా దాచుకున్న రాజ్యమే వాళ్లకు ఒక మంచి రేవు, ఒక డాక్టరు ఇవ్వలేకపోయింది. 1953 నవంబర్ 17న, అప్పటికి మిగిలిన ఇరవై మందికి కాస్త పైగా జనాన్ని తరలించడం మొదలుపెట్టినప్పుడు కూడా సముద్రం సహకరించలేదు, సామానంతా ఆ రోజు దాటలేదు.

1971లో కమిషన్ డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో విలీనమైంది. దాని సేకరణ 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికకు ఎక్కింది. 1990లలో డన్ క్వీన్‌లో బ్లాస్కెట్ కేంద్రం తెరిచారు. అందులో పొడవాటి నడవ దాటితే చివర ఒక కిటికీ ఉంటుంది, అందులోంచి దీవి ఎదురుగా కనిపిస్తుంది. తోమాస్ తన చేతులతో కట్టుకున్న ఇంటిని దీవి మీద తిరిగి నిలబెట్టారు.