విమానం ముక్కు దగ్గరి చిన్న గొట్టం



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. పింఛను గురించి, డి.ఏ. బకాయిల గురించి నాకంటే బాగా రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకే ముప్పై ఏళ్లకు పైగా నాకు అన్నం పెట్టిన విమాన పరికరాల గురించే నాలుగు మాటలు రాస్తున్నాను. ఇప్పుడు మనలో ఎందరో పిల్లల దగ్గరికి విమానాల్లో వెళ్లివస్తున్నాం. ఎక్కేముందు అద్దాల్లోంచి విమానం ముక్కువైపు చూడండి. పక్కన చిన్న చిన్న గొట్టాలు ముందుకు పొడుచుకుని కనిపిస్తాయి. ఆ గొట్టాలకు దాదాపు మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

1732లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు హెన్రీ పిటో పారిస్‌లోని సీన్ నదిలో నీటి వేగం కొలవడానికి ఒక వంపు గొట్టం వాడాడు. మూతి ప్రవాహానికి ఎదురుగా పెడితే నీరు గొట్టంలో పైకి లేస్తుంది. ఎంత లేస్తే అంత వేగం. విమానంలో నీటికి బదులు గాలి, అంతే తేడా. ముందుకు చూసే పిటో గొట్టంలో ఎదురుగాలి ఒత్తిడి చేరుతుంది. విమానం పక్కల ఉండే స్టాటిక్ రంధ్రాలు మామూలు గాలి ఒత్తిడిని పట్టుకుంటాయి. రెండింటి తేడా వేగం చెబుతుంది, స్టాటిక్ ఒత్తిడి ఒక్కటే ఎత్తు చెబుతుంది.

1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగిరినప్పుడు వారి విమానం మీద ఉన్నవి మూడే పరికరాలు. గాలి వేగం కొలిచే చిన్న మీటరు, స్టాప్‌వాచి, ఇంజను చుట్లు లెక్కించే కౌంటరు. మిగతాదంతా కంటిచూపు, ఒంటి తూకం. మబ్బులో దూరితే ఏది పైనో ఏది కిందో మనిషి చెవికీ ఒంటికీ తెలియదు. ఆ కష్టం తీరింది 1929 సెప్టెంబరు 24న. న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డులో జిమ్మీ డూలిటిల్ అనే పైలట్ తన సీటు చుట్టూ ముసుగు కప్పించుకుని, బయటేమీ చూడకుండా, పరికరాలనే నమ్ముకుని లేచి, తిరిగి, దిగాడు. అందులో కోల్స్‌మన్ తయారుచేసిన ఆల్టిమీటరు, స్పెర్రీ కంపెనీ జైరోతో పనిచేసే కృత్రిమ క్షితిజం ఉన్నాయి.

ఇక స్టాల్ సంగతి. స్టాల్ అంటే ఇంజను ఆగిపోవడమని చాలామంది అనుకుంటారు. అది కాదు. రెక్క గాలికి కొంత వాలుగా ఎదురు వెళుతుంది. ఆ వాలు సుమారు 15 డిగ్రీలు దాటితే రెక్క పైభాగాన గాలి అంటుకుని పారదు, చెదిరిపోతుంది. మోసే బలం పడిపోతుంది. 1896 ఆగస్టు 9న జర్మనీలో ఒట్టో లిలియెంథాల్ గ్లైడరు ఇలాగే స్టాలై కూలింది. మర్నాడు ఆయన కన్నుమూశాడు.

దీన్ని ముందుగా పసిగట్టే పరికరాన్ని అమెరికాలో లెనార్డ్ గ్రీన్ తయారుచేసి, 1946లో సేఫ్ ఫ్లయిట్ అనే కంపెనీ పెట్టాడు. రెక్క ముందంచున చిన్న రేకు ఉంటుంది. వాలు ఎక్కువైతే గాలి ఆ రేకును పైకి తోస్తుంది, స్విచ్చి పడుతుంది, హారను మోగుతుంది. చిన్న సెస్నా విమానాల్లో కొన్నింటికి కరెంటు కూడా అక్కర్లేదు. రెక్క అంచున రంధ్రం దగ్గర ఒత్తిడి తగ్గి గాలిని లాగుతుంది, అది మన హార్మోనియంలోలాంటి రీడును పలికిస్తుంది. 1963 అక్టోబరు 22న ఇంగ్లండులో బి.ఎ.సి. వన్ ఎలెవెన్ అనే కొత్త జెట్టు పరీక్షలో స్టాలై మళ్లీ కోలుకోలేక కూలింది. ఏడుగురు పోయారు. తోక ఎత్తున ఉండటంతో రెక్క చెదరగొట్టిన గాలిలో అది చిక్కుకుంది. అటువంటి విమానాలకు స్టీరింగును గడగడలాడించి హెచ్చరించే ఏర్పాటు, అప్పటికీ పైలట్ వినకపోతే ముక్కును దానంతటదే కిందికి దించే ఏర్పాటు అవసరమయ్యాయి.

ఉష్ణోగ్రత కొలవడం తేలికనుకుంటాం. జెట్టు గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ప్రోబు దగ్గర ఆగిన గాలి దాదాపు 30 డిగ్రీలు వేడెక్కుతుంది. బయట మైనస్ 55 ఉంటే ప్రోబు మైనస్ 25 దగ్గర చూపిస్తుంది. ఆ తేడా తీసివేస్తేనే అసలు లెక్క. ఇందుకు ప్లాటినం తీగ వాడతారు. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములున్న తీగ 100 డిగ్రీల దగ్గర 138.5 ఓములవుతుంది. ఇంజను పొగ వేడికి మాత్రం థర్మోకపుల్. రెండు వేరు లోహాలు కలిసిన చోట వేడి చేస్తే కరెంటు పుడుతుందని 1821లో జర్మనీ శాస్త్రవేత్త సీబెక్ గమనించినదే దీనికి మూలం.

ఇన్ని ఉన్నా పరికరానికి నిజం తెలియదు. తన రంధ్రానికి తగిలిందే చెబుతుంది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి లేచిన ఎయిరిండియా 747 ‘ఎంపరర్ అశోక’లో కెప్టెన్ ముందున్న క్షితిజ పరికరం తప్పు చూపింది. చీకట్లో, సముద్రం మీద, విమానం కుడికి ఒరిగిందని అది చెబితే ఆయన ఎడమకు తిప్పాడు. 213 మంది పోయారు. 1996 అక్టోబరు 2న పెరూ దేశపు లిమాలో విమానాన్ని కడిగేటప్పుడు స్టాటిక్ రంధ్రాలకు అంటించిన టేపును తీయడం మరిచారు. వెండిరంగు టేపు వెండిరంగు రేకు మీద రాత్రిపూట ఎవరికీ కనబడలేదు. 70 మంది పోయారు. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 పిటో గొట్టాల్లో మంచు కాసేపు అడ్డుపడింది. ఆటోపైలట్ వదిలేసింది. అయోమయంలో ముక్కు పైకెత్తడంతో విమానం స్టాలయింది. వేగం మరీ తక్కువగా నమోదైనప్పుడు హెచ్చరిక ఆగిపోయేది, ముక్కు దించితే మళ్లీ మోగేది. సరైన పని చేసినప్పుడే పరికరం కసురుకుంటే మనిషి ఏమనుకోవాలి? 228 మంది పోయారు.

నన్ను అన్నిటికంటే కలచివేసింది 2018 అక్టోబరు 29న ఇండొనేషియాలో కూలిన లయన్ ఎయిర్ 737 మాక్స్. గాలివాలు కొలిచే ఒకే ఒక్క సెన్సరును నమ్మి కంప్యూటరు ముక్కును పదే పదే కిందికి దించింది. అలా ఒక్కదాన్నే నమ్మేటట్టు తయారుచేయడం పెద్ద తప్పు. కాని ఆ సెన్సరు ముందు రోజే బిగించినది. అంతకుముందు ఒక రిపేరు షాపులో కాలిబ్రేషను సరిగా జరగక 21 డిగ్రీల తేడా మిగిలిపోయిందని విచారణలో తేలింది. 189 ప్రాణాలు. ఒక బెంచి, ఒక మనిషి, ఒక సంతకం.

ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. చేరిన కొత్తలో ఒక వేగమాపకానికి లీకు పరీక్ష చేస్తున్నాను. ముల్లు నిలకడగా ఉందో లేదో నిమిషం పాటు చూడాలి. టీ వేళయిందని అర నిమిషానికే సంతకం పెట్టేశాను. మా సీనియరు మేస్త్రిగారు వెనకే నిలబడి ఉన్నారు. “ఏం నాయనా, నిమిషం అయిందా?” అన్నారు. మళ్లీ పెట్టించారు. నలభయ్యో సెకను దగ్గర ముల్లు మెల్లగా జారడం మొదలుపెట్టింది. ఆయన తిట్టలేదు. “ఇది పట్టుకుని ఎవరో పైకి వెళతాడు, మనల్ని ఎరగడు” అన్నారంతే. ఆయన ఇప్పుడు లేరు. ఆ మాట మాత్రం నేను రిటైరయ్యేదాకా బెంచి మీదే ఉంది.

ఈసారి విమానం ఎక్కేటప్పుడు మనవలకు ఆ గొట్టాన్ని చూపించండి. నేల మీద ఎక్కువసేపు నిలిపి ఉంచినప్పుడు దానికి తొడుగు వేసి ఎర్ర రిబ్బను వేలాడదీస్తారని, ఎగిరే ముందు ఒక మనిషి వెళ్లి దాన్ని తీస్తాడని చెప్పండి. తాతగారు చేసిన ఉద్యోగం ఏమిటో వాళ్లకు అప్పుడు అర్థమవుతుంది.

నమస్కారాలతో,
మీ సహ సభ్యుడు