వైను గది తాళాలు ఎవరి చేతిలో?

మా అల్లుడు మందు ముట్టడు. ఆ సంగతి ట్యూరిన్ నగరంలో మేం భోజనానికి వెళ్ళిన చోట సర్వర్‌కి తెలియదు. వైన్ల జాబితా ఉన్న లావుపాటి పుస్తకం తెచ్చి నేరుగా అతని ముందు పెట్టాడు. మా అమ్మాయి చెయ్యి చాపి ఆ పుస్తకం అందుకుని, తిరగేసి, ఒక బరోలో సీసా తెమ్మంది. సీసా వచ్చింది. మూత తీసి, రుచి చూసి సరేననమని రెండు గుక్కలు మళ్ళీ అల్లుడి గ్లాసులోనే పోశాడు సర్వర్. అల్లుడు నవ్వి, గ్లాసు నా వైపు జరిపాడు. "అత్తయ్యా, మీరు చెప్పండి" అన్నాడు.

నేను నెల్లూరు జిల్లా ఆడదాన్ని. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. సారా పాకెట్లు కుప్ప పోసి తగలబెట్టిన ఆడవాళ్ళ గుంపులో మా అమ్మ ఉంది. ఆ గ్లాసు ఎత్తేటప్పుడు నా చెయ్యి కాస్త వణికిందంటే వయసు వల్ల కాదు.

అంతకు ముందు మూడు వారాలు లియాన్‌లో అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఒక శనివారం సాయంత్రం దాని స్నేహితురాళ్ళు ముగ్గురు వచ్చారు. రెండు సీసాలకు న్యూస్‌పేపర్ చుట్టి, ఏది ఫ్రాన్సుదో ఏది ఇటలీదో చెప్పుకోండి చూద్దాం అన్నారు. ఒకటి బర్గండీ ప్రాంతపు పినో న్వార్, రెండోది పీడ్‌మాంట్ ప్రాంతపు నెబియోలో. రెండూ వేరువేరు రకాల ద్రాక్షతో చేసినవే అయినా, రెండూ చూడటానికి పలచటి ఎరుపే. అందుకే వాటిని పక్కపక్కన పెట్టి పోలుస్తారట. వాళ్ళు చెర్రీ అన్నారు, గులాబీ అన్నారు, అడవిలో తడినేల వాసన అన్నారు. మొదటిది నాలుక మీద మెత్తగా జారిపోయింది. రెండోది చిగుళ్ళను పట్టి లాగింది. "ఇది నేరేడు పండు తిన్నట్టుంది" అన్నాను తెలుగులో. అమ్మాయి వాళ్ళకు చెప్పబోయి ఆగిపోయింది. 'వగరు' అన్న మాటకు వాళ్ళు టానిన్ అంటారట. అది ఒక పదార్థం పేరు. మనకు అది ఆరు రుచుల్లో ఒకటి. ఆ రాత్రి వాళ్ళకు తెలియనిది నాకు తెలిసింది అదొక్కటే అయినా, ఇటలీ సీసా ఏదో సరిగ్గా చెప్పింది నేనే.

అయితే రుచి చూసి ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెప్పే హక్కు ఆడదానికి సులభంగా రాలేదు. ఈ చరిత్ర తవ్వుతూ పోతే ప్రాచీన రోమ్ దగ్గర తేలాను. భార్య వైను తాగితే ఆమె బంధువులతో కలిసి విచారించి చంపవచ్చని రోములస్ శాసనం చేశాడని డయొనీసియస్ రాశాడు. ఆడవాళ్ళను దగ్గరి బంధువులు ముద్దు పెట్టుకునే ఆచారం వాళ్ళ నోట్లో వైను వాసన పసిగట్టడానికేనని కేటో చెప్పాడు. మొదటి శతాబ్దంలో ప్లీనీ రెండు కథలు చెప్పాడు. తొట్టిలో వైను తాగిందని ఒకడు పెళ్ళాన్ని కర్రతో కొట్టి చంపితే రోములస్ అతన్ని నిర్దోషి అన్నాడట. ఇంకొకామె తాగను కూడా లేదు. వైను గది తాళాలున్న సంచి విప్పిందంతే. ఆమెను సొంతవాళ్ళే తిండి పెట్టకుండా మాడ్చి చంపారు. ఇవి నిజంగా జరిగినా జరగకపోయినా, శతాబ్దాల పాటు మగవాళ్ళు మెచ్చుకుంటూ చెప్పుకున్న కథలు. ఎండు ద్రాక్షతో చేసిన తియ్యటి పానీయాలు మాత్రం ఆడవాళ్ళు తాగవచ్చు. ఇవాళ్టికీ చాలాచోట్ల అడక్కుండానే 'మేడమ్‌కి కాస్త తీపిది' అని పోస్తారంటే ఆ అలవాటు ఎంత పాతదో చూడండి.

ఇక ఫ్రాన్సు. 1804 నాటి నెపోలియన్ పౌరస్మృతి భార్య భర్తకు విధేయురాలై ఉండాలని 213వ అధికరణంలో రాసింది. భర్త అనుమతి లేకుండా పెళ్ళయిన స్త్రీ వ్యాపారం చెయ్యకూడదు. కన్యకు తండ్రి, భార్యకు భర్త. మన మనువుకి కొడుకు కూడా గుర్తొచ్చాడు గానీ, నెపోలియన్ విధవరాలిని అలా వదిలేశాడు. ఆ సందులోంచి కొందరు స్త్రీలు బయటికి వచ్చారు. బార్బ్ నికోల్ పోన్సార్డిన్ 1777లో పుట్టింది. 1805లో భర్త క్లికో చనిపోయేటప్పటికి ఆమెకు 27 ఏళ్ళు, ఒక కూతురు. మామగారిని ఒప్పించి షాంపేన్ వ్యాపారం చేతిలోకి తీసుకుంది. యుద్ధాల మధ్య 1814లో రష్యాకు సరుకు పంపి పేరు తెచ్చుకుంది. సీసా అడుగున పేరుకునే మడ్డి పెద్ద చిక్కుగా ఉండేది. బల్లకు రంధ్రాలు చేయించి, సీసాలు తలకిందులుగా అందులో నిలబెట్టి, రోజూ కాస్త కాస్త తిప్పుతూ మడ్డిని మూతి దగ్గరికి చేర్చే పద్ధతి ఆమె కంపెనీలోనే 1816 ప్రాంతంలో తయారైంది. సీసా మీద ఈనాటికీ 'వవ్ క్లికో' అని ఉంటుంది. వవ్ అంటే విధవ. మన దగ్గర శుభకార్యానికి ఎదురు రాకూడదన్న మనిషి అక్కడ ప్రతి పెళ్ళి విందులో బల్ల మీద కూర్చుంటుంది. ఆమె తర్వాత 1858లో భర్త పోయిన లూయీజ్ పొమ్మరీ, అప్పటిదాకా పంచదార పాకంలా ఉన్న షాంపేన్‌ని 1874లో తీపి తగ్గించి అమ్మి, అందరి నాలుకనూ మార్చింది. తీపి ఆడవాళ్ళ రుచి అన్న మాటకు ఇంతకన్నా జవాబు ఏముంటుంది?

కానీ ఇక్కడొక ప్రశ్న వేసుకోకుండా ఉండలేను. మొగుడు చస్తేగానీ దొరకని స్వేచ్ఛను స్వేచ్ఛ అనాలా? క్లికో భర్త బతికి ఉంటే ఆ తెలివి ఏ పేరున అచ్చయ్యేది? భర్త ఒప్పుకోలు లేకుండా ఉద్యోగం చేసే హక్కు, బ్యాంకు ఖాతా తెరిచే హక్కు ఫ్రెంచి భార్యకు 1965లో గానీ రాలేదు.

ట్యూరిన్‌లో నేను తాగిన బరోలో వెనక కూడా ఒక స్త్రీ ఉంది. జూలియెట్ కోల్బేర్ ఫ్రాన్సులో పుట్టి, బరోలో జమీందారుని పెళ్ళాడి జూలియా అయింది. విప్లవంలో సొంతవాళ్ళను గిలటిన్‌కి పోగొట్టుకున్న ఇంటి పిల్ల. 1838లో భర్త పోయాక ఎస్టేటు చూసుకుంది. బరోలో పేరు రాజాస్థానాల దాకా వెళ్ళడంలో ఆమె చెయ్యి ఉంది. ఆ వైనుని తీపి లేకుండా చేయించిన నిపుణుడు ఎవరన్నదాని మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. నాకు వైను కన్నా ఆసక్తి కలిగించింది వేరే. ఈ జూలియా ట్యూరిన్ జైళ్ళలో కుక్కి ఉన్న ఆడఖైదీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళకు చదువు నేర్పి, జైలు పద్ధతులు మార్చమని ప్రభుత్వంతో పోరాడింది.

అంతా చదివాక ఆ సర్వర్ మీద నాకు కోపం పోయింది. అతను రెండువేల ఏళ్ళ అలవాటు ప్రకారం పోశాడు. ఆడవాళ్ళకు ధరలు లేని మెనూ ఇచ్చే ఆచారం ఖరీదైన హోటళ్ళలో చాలాకాలం నడిచింది. 2019లో కూడా పెరూ దేశంలో ఒక రెస్టారెంట్‌కి ఈ విషయంలో జరిమానా పడింది. ధర తెలియకూడదు, తాళం ముట్టకూడదు. రెండూ ఒకటే.

ఇదంతా ఉత్సాహంగా అమ్మకు ఫోన్లో చెప్పాను. అమ్మకు 86 ఏళ్ళు. నాన్న కూలి డబ్బు సారా కొట్టులో పోసి వచ్చిన రాత్రులు ఎన్నో నాకు తెలుసు. ఆమె రాత్రి బడిలో సంతకం నేర్చుకున్నదీ, సారా కొట్టు మూయించడానికి వెళ్ళిందీ 1992లోనే. దూబగుంట రోశమ్మ పేరు జిల్లా అంతా మోగిన రోజులవి. ఆ ఉద్యమం వల్లే 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది.

తిడుతుందనుకున్నాను. కాసేపు ఊరుకుంది. "తాగి యాడన్నా పడిపోయినావా మే?" అంది. లేదన్నాను. "ఎవురి దుడ్డు?" అంది. అమ్మాయి జీతం అన్నాను. "అయితే సరే. ఆ ద్రాక్షకాయలు కోసేది ఎవురమ్మణ్ణీ?"

ఇన్ని పుస్తకాలు చదివి నేను అడగని ప్రశ్న అది. జీవితమంతా కూలికి వరి కోసిన మనిషి మొదట అదే అడుగుతుంది. వెతికాను. 2023 షాంపేన్ కోతలకు పశ్చిమాఫ్రికా కూలీలను తెచ్చి, మనుషులు ఉండలేని ఇంట్లో కుక్కి పని చేయించిన కేసులో 2025 జూలైలో ఫ్రెంచి కోర్టు మనుషుల అక్రమ రవాణా నేరం కింద శిక్షలు వేసింది. ఆ కూలీలను పెట్టిన సంస్థ నడిపింది ఒక స్త్రీ. ఇటలీలో 1986లో చవక వైనులో మిథనాల్ కలిపితే సుమారు ఇరవై మంది చనిపోయారు. అక్కడ కూడా విషం పేదవాడి సీసాలోనే ఉంది, బరోలో సీసాలో కాదు. మన కల్తీ సారా చావుల వార్తలు చదివిన వాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. "మరి తాగేటప్పుడు అది గూడా తలుచుకో" అంది. వద్దనలేదు.

తాళాలు ఆడదాని చేతికి వస్తే చాలు అని ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను. లియాన్‌కి తిరిగొచ్చాక ఒకరోజు అమ్మాయి మళ్ళీ రెండు గ్లాసులు ముందు పెట్టింది. వాసన చూశాను, పుక్కిలించాను, తేడా చెప్పాను. ఆ తర్వాత సీసా తిప్పి, వెనక చీటీ మీద కూలీల గురించి ఏమన్నా రాశారేమోనని వెతికాను. ద్రాక్ష పేరుంది, ఊరుంది, సంవత్సరముంది. కోసినవాళ్ళ మాట లేదు.