వెస్టా, సెరెస్‌ల భిన్న పరిణామం: అల్యూమినియం-26 చెప్పే కాలక్రమం

అంగారక, గురు గ్రహాల నడుమ తిరిగే గ్రహశకలాల్లో సెరెస్, వెస్టా అతి భారీవి. సెరెస్ వ్యాసం సుమారు 940 కిలోమీటర్లు, వెస్టాది 525. వెస్టా ఒకప్పుడు చాలావరకు కరిగింది. ఇనుము అడుగుకు దిగి గర్భంగా ఏర్పడింది, పైన బసాల్టు పెంకు గట్టిపడింది. సెరెస్‌లో ఇప్పటికీ మంచు, నీటి ప్రభావంతో మారిన బంకమట్టి ఖనిజాలు ఉన్నాయి. ఘన సెంటీమీటరుకు వెస్టా సాంద్రత 3.46 గ్రాములు కాగా, సెరెస్‌ది 2.16 మాత్రమే. పెద్ద గోళం వేడిని ఎక్కువకాలం నిలుపుకుంటుంది కనుక ముందు కరగవలసింది సెరెసే. అలా జరగకపోవడానికి సూర్యుడి నుంచి ఉన్న దూరం ఒక్కటే కారణం కాదనీ, పుట్టిన కాలమూ అంతే ముఖ్యమనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

వేడి మూలం

యురేనియం, థోరియం వంటి మూలకాలు కోట్ల ఏళ్లపాటు నిదానంగా వేడినిస్తాయి. చిన్న గోళం ఆ వేడిని వచ్చింది వచ్చినట్టే అంతరిక్షంలోకి వదిలేస్తుంది. కరగాలంటే తక్కువ వ్యవధిలో ఎక్కువ వేడి పుట్టాలి. అల్యూమినియం-26 ఆ పని చేయగలదని హెరాల్డ్ యూరీ 1955లోనే సూచించాడు. దాని అర్ధాయువు సుమారు 7 లక్షల ఏళ్లు. క్షీణించాక అది మెగ్నీషియం-26గా మిగులుతుంది.

అయెండే సాక్ష్యం

1969 ఫిబ్రవరి 8న మెక్సికోలోని చివావా రాష్ట్రంలో అయెండే ఉల్క పడింది. రెండు టన్నులకు పైగా శకలాలు దొరికాయి. దాన్ని కోసి చూస్తే ముదురు బూడిదరంగు రాతిలో రెండు రకాల రేణువులు కనిపిస్తాయి. వంకరటింకర తెల్లని మచ్చలు కాల్షియం, అల్యూమినియం అధికంగా గలవి. వీటి వయసు సుమారు 456.7 కోట్ల ఏళ్లు. సౌరకుటుంబంలో కాలనిర్ణయం జరిగిన ఘనపదార్థాల్లో ఇవే అతి పురాతనం. వాటి పక్కనే ఉన్న గుండ్రని గుళికలు, అంటే కాండ్రూళ్లు, చాలావరకు 20 లక్షల ఏళ్లకు పైగా ఆలస్యంగా ఏర్పడినవి.

తెల్లని మచ్చల్లోని ఖనిజాల్లో అల్యూమినియం పాలు పెరిగేకొద్దీ మెగ్నీషియం-26 కూడా పెరుగుతున్నట్టు 1976లో లీ, పాపనస్టాసియు, వాసర్‌బర్గ్ చూపించారు. ఆ ఖనిజాలు గట్టిపడేనాటికి అల్యూమినియం-26 వాటిలో సజీవంగా ఉందనడానికి ఇది రుజువు. అప్పట్లో ప్రతి లక్ష సాధారణ అల్యూమినియం పరమాణువులకు అల్యూమినియం-26 పరమాణువులు దాదాపు ఐదు ఉండేవి.

పుట్టిన కాలం, కరిగే గతి

మూడు అర్ధాయువులు, అంటే 21 లక్షల ఏళ్లు గడిచేసరికి ఈ ఇంధనం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ తర్వాత పోగైన గోళం ఎంత పెద్దదైనా, పొయ్యి ఆరాక ఎసరు పెట్టినట్టే. వెస్టా నుంచి వచ్చినవిగా భావించే యూక్రైట్ ఉల్కలు సౌరకుటుంబపు తొలి కొద్ది మిలియన్ల ఏళ్లలోనే గట్టిపడ్డ లావా రాళ్లు. కనుక వెస్టా తొలి దశలోనే రూపుదిద్దుకుని ఉండాలి. కాండ్రూళ్లున్న అయెండే మాతృగోళం వాటి తర్వాతే పోగై ఉండాలి. అందుకే ఆ రేణువులు కరిగి కలిసిపోకుండా మిగిలాయి. సెరెస్ కూడా ఆలస్యంగా పుట్టిందనుకుంటే దాని మంచు మిగలడం సహజమే.

పరిమితులు

సెరెస్‌లోని మంచు కూడా కొంత వేడిని పీల్చుకుంది. సెరెస్ గురుగ్రహానికి ఆవల పుట్టి లోపలికి వచ్చిందనే వాదనా ఉంది. అల్యూమినియం-26 సౌర నీహారిక అంతటా సమంగా పరుచుకుందా అన్నది నేటికీ చర్చనీయాంశం. అసమానంగా ఉంటే పై కాలలెక్కలు సవరించాలి. అయినా పరిమాణం, దూరం మాత్రమే చూసే వర్గీకరణ ఈ రెండు గోళాల తేడాను వివరించలేదు. ఒక గ్రహశకలం లోపలి నిర్మాణాన్ని అంచనా వేసేటప్పుడు, అది ఎప్పుడు పోగైందన్న ప్రశ్నను ముందుంచాలి.