మరల ఉగ్గుగిన్నె

పదియవ శతాబ్దమున స్పెయిను ఉత్తరభాగములో లియోన్ అను రాజ్యముండెను. 956లో దానికి రాజైన సాంచోకు చరిత్రకారులు తగిలించిన బిరుదము 'స్థూలకాయుడు'. గుఱ్ఱమెక్కలేనివాడు రాజెట్లగునని సామంతులు 958లో అతనిని సింహాసనమునుండి దింపివైచిరి. అతని అవ్వ, నవార్ రాణి టోడా, ముదుసలియైనను గట్టిమనిషి. తమకు పగవాడైన కార్డోవా ఖలీఫా కొలువులో హస్దాయ్ ఇబ్న్ షప్రూత్ అను యూదు వైద్యుడు కలడని విని, మనుమని వెంటబెట్టుకొని శత్రువు వాకిటికే పోయెను. వైద్యుడు రాజును చిక్కించెను. ఖలీఫా తన సేనలనిచ్చెను. సాంచో పోయిన రాజ్యమును మరల సంపాదించుకొనెను. ఆ వైద్యుడు రాజు నోటిని కుట్టివేసి గొట్టముతో ద్రవములు మాత్రమే త్రాగించెనని తరువాతివారొక కథ చెప్పిరి. ఆ కథను మేము నమ్ముట లేదు. కాని అందలి భావమును నమ్మినవారు వేయేండ్లుగా లోకములో ఎందరో కలరు. నోటికి తాళము వేసినచో చాలును, తక్కినదంతయు దానంతటదియే చక్కబడునని ఆ భావము. మన యిండ్లలో మాత్రము? లావుపాటి పిల్లవానిని 'తిండిపోతు' అని నవ్వుచునే వాని విస్తరిలో మరియొక గరిటె వడ్డించుచుందుము.

నోటిని నిజముగా అదుపులో పెట్టుకొన్న ప్రసిద్ధ గృహస్థుడొకడు లండనులోని విలియం బాంటింగ్. అంత్యక్రియల సామగ్రి సమకూర్చుట ఆయన వృత్తి. జోడు ముడి తానే వేసికొనలేక, మెట్లు వెనుకకు తిరిగి దిగవలసిన దుస్థితిలో నుండగా, హార్వీ అను వైద్యుడు రొట్టె, చక్కెర, బీరు, ఉర్లగడ్డలు మాన్పించెను. ఆయన 1863లో తన యనుభవమును చిన్న పుస్తకముగా అచ్చొత్తించెను. స్వీడిషు భాషలో పథ్యము చేయుటకు నేటికిని ఆయన పేరునుండి పుట్టిన క్రియాపదమే వాడుదురు. బాంటింగునకు సాధ్యమైనది అందరికి ఏల సాధ్యము కాదను ప్రశ్నకు ఉత్తరము దొరకుటకు మఱి ఎనుబదియేండ్లు పట్టినది.

ఈలోగా వేరొక త్రోవన శస్త్రవైద్యము నడచుచుండెను. 1881 జనవరిలో వియన్నా నగరమున బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు జఠరమున రాచపుండు పుట్టి మరణించబోవు ఒక స్త్రీకి జఠరములో కొంతభాగము కోసి తీసివేసి, తక్కిన దానిని ప్రేగునకు కలిపి కుట్టెను. ఆమె కొన్ని మాసములు మాత్రమే బ్రతికినను, జఠరములో కొంతభాగము లేకున్నను మనిషి తినగలడని లోకమునకు తెలిసినది. తరువాత కడుపుపూతకు ఈ చికిత్స వేలమందికి జరిగెను. వారిలో పెక్కుమందికి ఒక విచిత్రమైన బాధ పట్టుకొనెను. భోజనమైన అరగంటలోపల, విశేషించి తీపి తిన్నపుడు, గుండె దడదడలాడును, చెమటలు పోయును, కన్నులు తిరుగును. జఠరమునకు అడుగున ద్వారపాలకుని వంటి కండరపు వలయమొకటి కలదు. అది అన్నమును కొంచెము కొంచెముగా ప్రేగులోనికి వదలును. ద్వారపాలకుని తీసివేసిన తరువాత సర్వమును ఒక్కమాటుగా క్రిందికి దిగజారుచుండెను. ఇంగ్లండులో హెర్ట్స్ అను వైద్యుడు దీనిని 1913లో వర్ణించెను. 1922 నుండి దీనికి 'డంపింగ్' అను పేరు వచ్చినది. బండిలోని సరకును గుమ్మరించుట వంటిదని దాని యర్థము.

ఇక అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు పోవుదము. అచ్చట పదేండ్ల వ్యవధిలో రెండు ప్రయోగములు జరిగినవి. మొదటిది 1944-45లో ఆన్సెల్ కీస్ జరిపినది. యుద్ధములో ఆయుధము పట్టమని చెప్పిన 36 మంది యువకులు, తామే ముందుకు వచ్చి, 24 వారములు అర్ధాకలితో నుండిరి. వారు రాత్రింబవళ్లు అన్నమును గూర్చియే మాటలాడిరి, వంటల పుస్తకములు కూర్చుకొని చదివిరి, కంచములు నాకిరి. కడుపునిండ తినవచ్చునన్న తరువాత గంపెడు తిన్నను వారికి తృప్తి కలుగలేదు. వీరిలో తిండిపోతు ఒక్కడును లేడు. అందరును ఆరోగ్యవంతులై, దృఢచిత్తులని ఎన్నికైనవారే. బలవంతముగా చిక్కించిన శరీరము తన పోయిన బరువు కొఱకు మనిషిని తరుముచుండునని తెలియుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఆ విశ్వవిద్యాలయముననే క్రెమెన్, లిన్నెర్, నెల్సన్ అను మువ్వురు 1954లో రెండవదానిని ప్రకటించిరి. చిన్నప్రేగులో అధికభాగమును ప్రక్కకు తప్పించి, మొదటి కొసను చివరి కొసకు కలిపివేయుట వారి పద్ధతి. దీనిని తెలుగులో చెప్పుటకు మనకు చక్కని మాటయే కలదు: తిన్నది 'వంటబట్టనీయకుండుట'. రోగి తన యిష్టము వచ్చినంత తినవచ్చును. అలవాటు మార్చుకొన నక్కరలేదు. వినుటకు ఎంత హాయిగా నున్నది! కొన్ని వేలమంది ఈ చికిత్స చేయించుకొనిరి. బరువు తగ్గినది. కాని విడువని విరేచనములు, మూత్రపిండములలో రాళ్లు, కొందరికి కాలేయము చెడుట, మరణములును సంభవించినవి. 1980 ప్రాంతమునకు వైద్యులు దీనిని విడిచిపెట్టిరి. తినునట్టి మనిషిని వదలి తిన్న వస్తువును మాత్రమే పట్టుకొన్న చికిత్సకు ఇట్టి గతి పట్టినదని మా యభిప్రాయము.

అయోవా విశ్వవిద్యాలయపు ఎడ్వర్డ్ మేసన్ ఇంకొక వైపునుండి ఆలోచించెను. కడుపుపూతకు జఠరమును కొంత కోయించుకొన్నవారు తిరిగి లావెక్కుట లేదని ఆయన గమనించెను. ఇతరులకు కీడైనది వీరికి మేలు కారాదా? 1966లో చికాషీ ఇటోతో కలిసి జఠరపు పైభాగమున చిన్న సంచిని వేరుపరచి దానిని సూటిగా చిన్నప్రేగునకు కలిపెను. మరుసటి యేడు ప్రకటించెను. అదియే గ్యాస్ట్రిక్ బైపాస్. ఆ సంచి కాలక్రమమున ఇంకను చిన్నదై, నేడు సుమారు 30 మిల్లీలీటర్లు, అనగా రెండు పెద్ద చెంచాలు పట్టునంత యైనది. పూర్వము రోగులను బాధించిన 'డంపింగ్' ఇచ్చట కొందరికి కాపలావాడైనది. ఒకమారు జిలేబి తిని చెమటలు పోసి పడుకొన్నవాడు రెండవమారు జిలేబి జోలికి పోడు.

మేసనే 1980లో ఇంతకంటె సులువైన పద్ధతి నొకదానిని చేసెను. ప్రేగును కదలింపక, జఠరపు పైభాగమున నిలువుగా చిన్న గది కట్టి, దాని వాకిలికి పట్టీ బిగించుట. నోరు ఇరుకైన కూజా వంటిదనుకొనవచ్చును. ఎంతో ఆశతో దీనిని దేశదేశముల వారు చేపట్టిరి. ఇచ్చటనే మనుష్యుని అలవాటు తన తెలివిని చూపినది. రొట్టె, మాంసము, కూరగాయలు ఆ వాకిట అడ్డుపడును, వాంతియగును. ఐస్‌క్రీము, చాక్లెట్టు పాలు హాయిగా జారిపోవును. పాపము, రోగి దొంగతనమేమియు చేయలేదు. బాధపెట్టని ఆహారమును వెదకుకొనుచు, తనకు తెలియకుండగనే తీపి వైపు నడచెను. బరువు మరల వచ్చి చేరెను. వర్జీనియాలో షుగర్‌మన్ అను శస్త్రవైద్యుడును ఆయన సహచరులును రెండు పద్ధతులను పోల్చిచూచి 1987లో ఒక ఫలితమును ప్రకటించిరి: తీపి మరగినవారికి ఈ ఇరుకు వాకిలి పద్ధతి మిక్కిలి తక్కువగా పనిచేసినది. చికిత్సకు ముందటి తీపి మమకారమును బట్టి జోస్యము చెప్పవచ్చునా యను విషయమున తరువాతి పరిశోధకులందరును ఏకీభవింపలేదు. అయినను నాటినుండి, 'ఈతడు ఇన్నాళ్లు ఏమి తినెను, ఎప్పుడు తినెను, ఎందుకు తినెను' అను ప్రశ్న కత్తి పట్టుటకు ముందే అడుగవలసిన దైనది.

'ఎందుకు తినెను' అనుటకు కొంత ఉత్తరము జపాను దేశమునుండి వచ్చినది. జఠరమునుండి పుట్టి ఆకలిని రేపు గ్రెలిన్ అను రసమును అచ్చటి శాస్త్రజ్ఞులు 1999లో కనుగొనిరి. 2002లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు, పథ్యము చేసి చిక్కినవారి నెత్తురులో ఈ రసము పెరిగినదనియు, బైపాస్ చేయించుకొన్నవారిలో మిక్కిలి తక్కువగా నున్నదనియు చూపిరి. అన్ని పరిశోధనలును ఇదే ఫలితమునీయలేదు. ప్రేగులనుండి పుట్టు వేరు రసములకును ఇందులో పాత్ర కలదు. ఏమైనను ఒకటి స్పష్టము: శస్త్రము కడుపును కుదించుటయే కాదు, ఆకలి స్వరమును గూడ తగ్గించును. నోరు కట్టుకొనలేని బలహీనుడని నిందింపబడినవాడు నిజముగా తన శరీరముతోనే పోరాడుచుండెను.

అయితే ఆకలి తగ్గినంత మాత్రమున అలవాటు పోదు. గడియారము ఎనిమిది కొట్టగనే చేయి కంచము వైపు పోవును. అందుచేత నేటి వైద్యులు శిక్షణను ముందునుండియే ఆరంభింతురు. శస్త్రమునకు రెండు వారముల ముందు కొవ్వును, పిండివంటలను తగ్గించి లఘ్వాహార మిత్తురు. జఠరముపై వ్రాలియున్న కాలేయము దీనిచే చిన్నదై చికిత్సకు తావిచ్చును. నెమ్మదిగా నములుట, భోజనము నడుమ నీరు త్రాగకుండుట అప్పుడే అభ్యసింపవలెను. చెంబుడు నీళ్లు ప్రక్కన పెట్టుకొని గాని విస్తరి ముందు కూర్చుండని మనకు ఇది చిన్న విషయము కాదు. చికిత్స తరువాత మొదట పలుచని ద్రవములు, పిమ్మట మెత్తగా మెదిపిన ఆహారము, ఆ పిమ్మట మెత్తని ఘనాహారము, నెలన్నర రెండు నెలలకు సామాన్య భోజనము. శిశువు అన్నప్రాశనమునుండి నడచిన దారియే ఇది. ఇప్పుడు విరివిగా చేయు పద్ధతిలో జఠరమున సుమారు ఎనుబది పాళ్లు తీసివేసి, చొక్కా చేతివలె పొడుగైన గొట్టముగా మిగిల్చెదరు. అయినను నియమములు ఇంచుమించు ఇవియే. దినమునకు 60 గ్రాములకు తక్కువ కాకుండ మాంసకృత్తులు కావలెనందురు. కోడిగ్రుడ్డులో ఉండునవి ఆరు గ్రాములే. రెండు చెంచాల కడుపులో దీనిని ఎట్లు సమకూర్చుట? పప్పు, పెరుగు, గ్రుడ్డు ముందు, అన్నము చిట్టచివర. మన పంక్తిలో అన్నము కొఱకు కూర. ఇచ్చట కూర కొఱకు అన్నము.

విటమినుల మాత్రలు జీవితాంతము మానరాదు. ఈ సందర్భమున మన దేశపు పాతకథ యొకటి జ్ఞాపకము వచ్చుచున్నది. ఉత్తర సర్కారులలో కాళ్లు పట్టుతప్పి, ఒడలు ఉబ్బి, గుండె చెడి ప్రాణము తీయు బెరిబెరిని గూర్చి మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కంసన్ 1835లోనే గ్రంథము వ్రాసెను. కారణమప్పుడు తెలియదు. తవుడంతయు పోవునట్లు పాలిషుపట్టిన పచ్చిబియ్యము తినుటచే, తవుడులోని థయామిన్ అను విటమిను లోపించుటయే మూలమని ఇరువదవ శతాబ్దమున తేలినది. ఉప్పుడు బియ్యము తిను దక్షిణ జిల్లాలలో ఆ వ్యాధి అంతగా లేదు. తెలుగు తీరమును విడిచిపోయిన ఆ వ్యాధియే నేడు, చికిత్స తరువాత అదుపులేని వాంతులై మాత్రలు మానినవారిలో కనబడుచున్నది. థయామిన్ నిలువ శరీరమున రెండు మూడు వారములకు మించి యుండదు. కనుక వాంతులు ఆగనిచో, నడక తడబడినచో, చూపు రెండుగా తోచినచో ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు పోవలెను.

ఇన్ని చెప్పుకొన్నను, ఫలితము శూన్యము కాదు. 1987లో ఆరంభమైన స్వీడను దేశపు దీర్ఘ పరిశీలనలో, బైపాస్ చేయించుకొన్నవారి బరువు మొదటి ఒకటి రెండేండ్లలో నూటికి 32 పాళ్లు తగ్గి, పదియేండ్లకు 25 పాళ్ల తగ్గుదల నిలిచెను. శస్త్రము చేయించుకొన్నవారిలో మరణములును తక్కువయ్యెను. ఆ ఏడు పాళ్లు తిరిగివచ్చిన చోటనే భోజనపు చరిత్ర మరల మొదలగును.

మా మిత్రుడొకడు ఈ చికిత్స చేయించుకొని యేడాది తిరుగక మునుపే ఒక బంధువు ఇంటి పెండ్లికి పోయెను. పంక్తిలో ఆయన విస్తరిలో బూరెలు మూడు అట్లే యుండెను. పెండ్లికూతురి తల్లి వచ్చి, "ఏం అన్నయ్యగారూ, మా వంట నచ్చలేదా?" అని అడిగెను. ఆయన లేచి, "అమ్మాయీ, నీ వంటకు వంక పెట్టే నోరు కాదమ్మా ఇది. కడుపే చిన్నదైపోయింది" అని నవ్వెను. ఆమె నమ్మలేదు, ముఖము చిన్నబుచ్చుకొనెను. చికిత్స కంటె ఆ క్షణమే తనకు కష్టమైనదని ఆయన మాతో చెప్పెను. ఇంటికి వచ్చిన తరువాత ఆయన భార్య అటక మీదినుండి, పిల్లలు పెద్దవారైన తరువాత మూలబడిన వెండి ఉగ్గుగిన్నెను దింపి తోమిపెట్టినది. చికిత్సయైన మొదటి వారములలో దానితోనే కొలిచి ఆయనకు పప్పుకట్టు పోసెడిదట. ఆ గిన్నె ఇప్పటికిని ఆయన కంచము ప్రక్కనే యున్నది. పెరుగు అందులోనే వేసికొనును.