తైబందీ: చెరువు నీటికి ఒక లెక్క

జగిత్యాల నుండి కరీంనగర్ పోవు దారిలో కొండగట్టు పరిసరాలను గమనించండి. చెరువు కట్ట దిగువన వరిమడి, ఎగువన మెట్ట. జిల్లాకు ఉత్తరపు హద్దున గోదావరి పారుతున్నా, ఈ ఎత్తు నేలలకు ఆ నీరు చాలా కాలం అందలేదు. వాన నీటిని వాగులకు అడ్డంగా కట్టలు పోసి నిలుపుకొనుటే గతి. ఒక చెరువు మత్తడి దూకిన నీరు మరొక చెరువును నింపే గొలుసుకట్టు, కాకతీయుల కాలంలో తెలంగాణమంతటా విస్తరించింది.

చెరువులు త్రవ్వించిన రాజులను గురించి మన పుస్తకాలు విరివిగా వ్రాశాయి. నీరు పంచిన పద్ధతిని గురించి వ్రాసింది తక్కువ. అసలు విద్య అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

నిజాం కాలంలో వానకాలపు పంటను అబి అని, తరువాతి పంటను తాబి అని అనేవారు. అబికి వాన తోడు. తాబికి మాత్రం చెరువులో నిలిచిన నీరే ఆధారం. అందుచేత నాట్లకు ముందే నీటిమట్టం చూచి, ఎంత నేలకు సరిపోతుందో అంచనా కట్టి, అంతవరకే సాగును నిర్ణయించేవారు. ఇదే తైబందీ. ఈ అంచనా సులభం కాదు. మన చెరువులు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. నడివేసవిలో రోజుకు ఒక సెంటీమీటరు దాకా నీరు ఆవిరైపోతుంది. కొంత నేలలోకి ఇంకుతుంది. ఐతే ఇంకినదంతా నష్టం కాదు, దిగువ బావులలో ఊరుతుంది. సాగును కుదించి ఒకేచోట ఉంచితే కాలువలలో ఇంకే నీరు కూడా తగ్గుతుంది గదా!

1963 జూలై 26న పోచంపాడు వద్ద నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు నుండి కాకతీయ కాలువ ఈ ప్రాంతానికి వచ్చింది. కాలువ మొదట ఉన్న రైతుకు జలాశయం కనపడదు; నీరు వస్తున్నంతవరకు వరే వేస్తాడు. వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావాలి, మొక్కజొన్నకు అందులో సగం చాలు. ఫలితంగా చివరి భూములు ఎండుతాయి. వంతులవారీగా నీరు విడిచే వారబందీ దీనికి పుట్టిన ఉపాయమే.

బోరుబావికి ఇట్టి లెక్క ఏదీ లేదు. బిందుసేద్యంతో మిగిలిన నీటితో మరో రెండెకరాలు తడిపితే, భూగర్భజలానికి మిగిలేది సున్న. ఉపాధ్యాయులు యాసంగి నాట్లకు ముందు ఒకసారి, మే నెలలో మరొకసారి, అడుగులు గుర్తించిన తాడుతో ఊరి చేదబావి నీటిమట్టాన్ని విద్యార్థులచేత కొలిపించి, ఏటేటా గోడమీద వ్రాయించవచ్చును.