పదిహేను సెకన్ల పలకరింపు

సికింద్రాబాద్‌లో డాబా మీద తీగ కట్టుకున్న హ్యామ్ (అమెచ్యూర్ రేడియో ఆపరేటర్) ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతిలో పిలిస్తే గాల్లోకి వెళ్లేది ఇంతే: ఎవరైనా ఉన్నారా అని అడిగే సీక్యూ, తన కాల్‌సైన్, ఎంకే97. చివరిది భూమిని గడులుగా విడదీసిన పటంలో మనం ఉన్న గడి పేరు. భువనగిరి, నల్గొండ, సూర్యాపేట కూడా అదే గడిలోకి వస్తాయి. అవతలి నుంచి జవాబొస్తే, సిగ్నల్ ఎంత బలంగా వినిపించిందో చెప్పే అంకె, అందిందని ఒక ముక్క, చివర్న వీడ్కోలుగా 73. వీటిని వరసగా పంపే పని కంప్యూటరుదే.

యంత్రం చేత మాట్లాడించడం ఎఫ్‌టీ8 కన్నా ముందే జరిగింది. 1981 డిసెంబరులో సోవియట్ యూనియన్ ఒకేసారి పంపిన ఆరు హ్యామ్ ఉపగ్రహాల్లో ఆర్‌ఎస్-5, ఆర్‌ఎస్-7లలో 'రోబో' ఉండేది. కింది నుంచి మోర్స్‌లో శుభ్రంగా పిలిస్తే ఆ కాల్‌సైన్ తిరిగి పలికి, ఆ పలకరింపుకో వరస సంఖ్య ఇచ్చి, 73 చెప్పి సాగనంపేది.

ఎఫ్‌టీ8 పుట్టిన అవసరం వేరు. జంట పల్సార్‌ను కనిపెట్టినందుకు 1993లో రస్సెల్ హల్స్‌తో కలిసి నోబెల్ అందుకున్న జో టేలర్ కుర్రతనం నుంచీ హ్యామ్. రొదలో మునిగిన సిగ్నల్‌ను పైకి తీయడంలో చెయ్యి తిరిగినవాడు. చంద్రుణ్ణి తాకి తిరిగొచ్చే సిగ్నళ్ల కోసం ఆయన చేసిన జేటీ65లో ఒక్కో వంతుకు నిమిషం పట్టేది. 50 మెగాహెర్ట్జ్‌లో దూరపు సిగ్నళ్లకు దారి తెరుచుకుని మూసుకునేలోపు అంత తీరిక దొరకదు. అందుకే 2017లో స్టీవ్ ఫ్రాంకీతో కలిసి వంతును 15 సెకన్లకు కుదించారు. ఎనిమిది స్వరాల ప్రసారానికే 12.64 సెకన్లు పోతాయి. మిగిలిన రెండు సెకన్ల చిల్లరలో విన్నది తేల్చుకుని జవాబు ఎంచాలంటే మనిషి చేతికి కష్టం. అలా వరస నడిపే పని సాఫ్ట్‌వేర్‌కు వెళ్లింది. కాంటెస్టుల కోసం 2019లో ఏడున్నర సెకన్ల ఎఫ్‌టీ4 వచ్చింది.

మొత్తం మాత్రం యంత్రానికి అప్పగించలేదు. కొన్ని నిమిషాలపాటు మనిషి జాడ లేకపోతే ప్రోగ్రామే ప్రసారం ఆపేస్తుంది. టేలర్ బృందం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. లైసెన్సు మనిషిది, ఆ మనిషి నిద్రపోతుండగా పెరిగిన కాంటాక్టుల స్కోరును నేను గెలుపుగా ఒప్పుకోలేను.

ఎఫ్‌టీ8లో సొంత మాటకు దొరికే చోటు 13 అక్షరాలు. అంతలో పట్టని మాటలు చేరవేయాల్సిన రోజులూ హ్యామ్‌లకు వస్తాయి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. ఆ బృందం వాడిన వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో కాంటాక్టు కోసం ప్రపంచంలోని హ్యామ్‌లంతా పోటీపడుతుండగా 26న సునామీ వచ్చింది. ఆ బృందం కాంటాక్టుల లెక్క పక్కనపెట్టి, తమవాళ్లు ఎలా ఉన్నారో తెలియక తల్లడిల్లుతున్న కుటుంబాలకు పోర్ట్‌బ్లెయిర్ నుంచి క్షేమసమాచారాలు చేరవేసింది.