పిట్టకథ పుట్టిన సందు

ఈ వేసవిలో నరసన్నపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని కవిత్రయ భారతం మొదటినుంచి చివరిదాకా చదవాలని పట్టు పట్టాను. మొత్తం 63 ఆశ్వాసాలు. రోజుకొకటి చొప్పున రెండు నెలల పని. నన్నయ దగ్గర మొదట్లో పద్యం పద్యానికీ ఆగాల్సి వచ్చింది, తరవాత దారిన పడ్డాను. కళ్లు లాగేసే వేళకి పుస్తకం బోర్లించి, ఒక పోస్టుకార్డు తీసి, దాని మీద పట్టేంత కథ ఒకటి రాయడం అలవాటైంది. కార్డు పొడవు 14 సెంటీమీటర్లు, వెడల్పు 9. సన్నగా రాస్తే పద్దెనిమిది, ఇరవై వరసలు పడతాయి. అందులో ఒక మనిషి రావాలి, ఒక మాట అనాలి, వెళ్లిపోవాలి. అది రాసి లేచేసరికి మళ్లీ పద్యం మీదకి మనసు పోయేది.

అలా చదువుతుండగా ఒకరోజు అనుమానం వచ్చి సంస్కృత ఆదిపర్వం తిరగేశాను. జనమేజయుడి సర్పయాగంలో ఋత్విక్కులు కర్మకీ కర్మకీ మధ్య దొరికే విరామంలో కథలు చెప్పుకునేవారట. మహాభారతాన్ని వినిపించింది కూడా ఆ సందుల్లోనే. లక్ష శ్లోకాల గ్రంథం అని మనం చేతులెత్తి మొక్కే ఇతిహాసం, అసలు పని ఆగినప్పుడు కాలక్షేపానికి చెప్పిన కథ! ఆ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు, అంత సంబరం. దీని చుట్టాలు ఇంకెవరెవరున్నారా అని వెతకడం మొదలుపెట్టాను.

ముందు దొరికింది నా చేతిలోనే ఉంది. ఆశ్వాసం అన్న మాటకి అర్థం ఊపిరి పీల్చుకోవడం, సేదదీరడం. అధ్యాయానికి ఆ పేరు పెట్టారు మన పూర్వులు. అంటే ఎక్కడ ఆగాలో పుస్తకమే చెబుతోంది. చిన్నప్పటినుంచీ ఆ మాట వింటున్నాను గానీ ఎప్పుడూ విప్పి చూడలేదు.

తరవాతది యాగశాలలోనే. అశ్వమేధంలో గుర్రాన్ని వదిలాక అది తిరిగొచ్చేదాకా ఏడాది ఆగాలి. ఆ ఏడాదీ ఊరికే కూర్చోరు. హోత రోజుకొక ఆఖ్యానం చెబుతాడు. పది రోజులకి ఒక వరస పూర్తవుతుంది, పదకొండో రోజు మళ్లీ మొదటికి. అలా ముప్పై ఆరు వరసలు తిరిగితే 360 రోజులు. దీనికి పారిప్లవం అని పేరు, శతపథ బ్రాహ్మణంలో ఉంది. గుర్రం ఎక్కడ తిరుగుతోందో తెలియదు, కథ మాత్రం చుట్టూ తిరిగి ఇంటికొస్తుంది.

మహాభారతంలో నాకు బాగా నచ్చే పిట్టకథ యుద్ధభూమికి వెళ్లే దారిలో వస్తుంది. కర్ణుడు రథమెక్కాడు, శల్యుడు పగ్గాలు పట్టాడు. అర్జునుణ్ణి చంపేస్తానని కర్ణుడు ప్రగల్భాలు పలుకుతుంటే శల్యుడు కాకి కథ ఎత్తుకున్నాడు. ఎంగిలి మెతుకులు తిని బలిసిన కాకి హంసలతో పందెం కట్టింది, నూటొక్క రకాలుగా ఎగరగలనంది, సముద్రం మధ్యకి వెళ్లేసరికి రెక్కలు నీళ్లకి తగిలాయి. హంసే దాన్ని వీపు మీద వేసుకుని ఒడ్డుకి చేర్చింది. పక్కన శంఖాలు మోగుతున్నాయి, పద్దెనిమిది అక్షౌహిణుల్లో సగం పైన నేలకొరిగారు, అక్కడ ఒక సారథి కాకి కథ చెబుతున్నాడు! తిక్కన కూడా ఆ హంసకాకీయాన్ని వదల్లేదు.

తిక్కన తరవాత చాలా శతాబ్దాలు నేను గబగబా దాటేస్తాను. కొరవి గోపరాజు సింహాసనపు బొమ్మల చేత కథలు చెప్పించాడు, పాలవేకరి కదిరీపతి చిలక చేత చెప్పించాడు. అక్కడ చిన్న కథలే పుస్తకమంతా. పెద్ద కథ వాటిని గుచ్చిన దారం. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథలు మాత్రం మన విషయానికి దగ్గర బంధువు. మణిసిద్ధుడు కాశీకి నడిచి వెళ్తూ తోడుకి ఒక గొల్ల కుర్రాణ్ణి రమ్మన్నాడు. మజిలీకొక కథ చెబితేనే వస్తానన్నాడు వాడు. నడక ఆగిన చోట కథ. పన్నెండు భాగాలు నడిచారు వాళ్లు.

ఇక నేను ఎంతసేపైనా కూర్చోగల కాలం ఒకటుంది. అది మా విజయనగరం, శ్రీకాకుళం సీమలో 1880 నుంచి ఓ అరవై ఏళ్లు.

పుట్టిన తేదీలు చూడండి. గురజాడ అప్పారావు 1862 సెప్టెంబరు 21. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29, శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో. ఆదిభట్ల నారాయణదాసు 1864 ఆగస్టు 31, బొబ్బిలి దగ్గర అజ్జాడలో. రెండేళ్ల లోపల ముగ్గురూ భూమ్మీద పడ్డారు. ఒకాయన కథకి, ఒకాయన మాటకి, ఒకాయన హరికథకి. గిడుగు పుట్టిన ఊరికి మా నరసన్నపేట నుంచి బస్సెక్కి పోతే పెద్ద దూరం లేదు.

నారాయణదాసు అయిదేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు తల్లి శ్రీకూర్మం తీసుకెళ్లిందని, అక్కడ పుస్తకాల కొట్టు దగ్గర భాగవతం కొనమని మారాం చేశాడని చెప్పుకుంటారు. అది ఆడుకునే వస్తువు కాదన్నాడట కొట్టతను. పిల్లవాడు వరసగా పద్యాలు అప్పజెప్పేశాడు. కొట్టతను నిర్ఘాంతపోయి పుస్తకమూ ఇచ్చి, చేతిలో డబ్బులూ పెట్టి దీవించాడట. శ్రీకూర్మం వెళ్లినప్పుడల్లా ఆ కొట్టు ఏ వీధిలో ఉండేదా అని చూస్తుంటాను.

1883లో మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు విజయనగరంలో హరికథ చెప్పాడు. పందొమ్మిదేళ్ల నారాయణదాసు అది విన్నాడు, వెంటనే ధ్రువచరిత్ర రాసి తనూ గజ్జె కట్టాడు. ఆ తరవాత ఆంధ్రదేశంలో హరికథ అంటే ఆయనే. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిరతలు, మెడలో దండ, పక్కన ఫిడేలు, మృదంగం. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, అయిదింటితో అయిదు తాళాలు చూపేవాడు కనక పంచముఖీ పరమేశ్వర అన్నారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ ఫిడేలు ఆచార్యుడు.

హరికథ రాత్రి మొదలైతే గంటల కొద్దీ సాగుతుంది. అన్ని గంటలూ సంస్కృత సమాసాలు, రాగాలు, తాళాలు విని ఎవరు కూర్చోగలరు? వెనక వరసలో రైతులుంటారు, పగలంతా పొలంలో వంగి లేచినవాళ్లు. తల్లుల ఒళ్లో పిల్లలు. ఫిడేలు తీగ బిగించుకోవాలి, గొంతు తడుపుకోవాలి. ఆ సందులోకి దూరుతుంది పిట్టకథ. పద్యం గ్రాంథికం, కీర్తన గ్రాంథికం, పిట్టకథ మాత్రం ఊరి మాట. గిడుగు వ్యవహార భాష కోసం పోరాటం మొదలుపెట్టక ముందే, పండితులు కూర్చున్న సభలోనే, ఆ పండితులనే నవ్విస్తూ, ఊరి మాట రాత్రికి నాలుగుసార్లు గెలిచేది. ఈ సంగతి మన సాహిత్య చరిత్రల్లో ఎవరూ గట్టిగా చెప్పరు. నాకు అది బాధగా ఉంటుంది.

గురజాడ కథ దిద్దుబాటు 1910 ఫిబ్రవరి ఆంధ్రభారతిలో వచ్చింది. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ ధనత్రయోదశి ఉంది, తొలి కథ గౌరవం ఆమెది. కానీ దిద్దుబాటు చదివినప్పుడల్లా నాకు హరికథ మధ్య పిట్టకథ చప్పుడు వినిపిస్తుంది. మాటలతోనే మొదలు, మాటలతోనే నడక, చివర చిన్న మలుపు, విన్నవాడి పెదవి మీద నవ్వు. నారాయణదాసు గజ్జె మోగిన ఊళ్లోనే అది రాశారాయన. ఒకే గాలి పీల్చారని నా నమ్మకం.

నారాయణదాసుకి చిన్న రూపం మీద ఎంత మోజో ఇంకో రెండు పుస్తకాలు చెబుతాయి. ఈసపు కథలని అచ్చతెలుగులో నూఱుగంటి పేరుతో రాశాడు. ఉమర్ ఖయ్యాం రుబాయీలని, నాలుగేసి పాదాలవి, సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చి 1932లో అచ్చు వేయించాడు. రాత్రంతా కథ చెప్పగలిగిన మనిషి పగలు కూర్చుని కొలుచుకున్నది గుప్పెడు గింజలని.

నేను విన్న పిట్టకథ ఒకటి చెబుతాను. మా మామ్మతో వెళ్లి కూర్చున్న భాగవత సప్తాహంలో విన్నది. శుకుడు పరీక్షిత్తుకి ఏడు రోజుల్లో చెప్పాడు కనక సప్తాహం, పన్నెండు స్కంధాలూ ఏడు రోజుల్లో ముగియాలి. అది గజేంద్రమోక్షం రోజు. ఉక్కపోత, సగం మంది కునికిపాట్లు. పౌరాణికుడు పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆగాడు.

వంశధార రేవు దిగువన ఒకడి బండి బురదలో దిగబడింది. ఎడ్లని అదిలించాడు, చక్రానికి భుజం పెట్టాడు, బస్తాలు దించి మళ్లీ తోశాడు. గట్టు మీద మర్రిచెట్టు కింద ఒకడు కూర్చుని చూస్తున్నాడు. పొద్దు వాలింది. ఇక ఓపిక లేక బండివాడు అటు తిరిగి, "బావా, ఒక్క సెయ్యెయ్యవా" అన్నాడు. అతను దిగొచ్చి చెయ్యేశాడు, బండి గట్టెక్కింది. "మద్దినేల కాడ్నుంచీ సూస్తా కూకున్నావేటి?" అని కోప్పడ్డాడు బండివాడు. "నువ్వు పిలిస్తే కదేటి" అన్నాడతను.

అంతే. పౌరాణికుడు కళ్లద్దాలు సర్దుకుని, "ఎక్కడున్నాం?" అని సభని అడిగాడు. "మకరి కాలు పట్టీసింది!" అని పిల్లలమందరం అరిచాం. పద్యం మళ్లీ లేచింది. వెయ్యేళ్లు సొంత బలంతో పెనుగులాడిన ఏనుగు ఎందుకు ఆలస్యంగా మొరపెట్టిందో నాకు ఆ రాత్రి అర్థమైంది. వ్యాఖ్యానం చదివి కాదు.

ఈ పనే రకరకాల వేషాల్లో జరిగింది మన దగ్గర. తోలుబొమ్మలాటలో రావణుడూ రాముడూ తెర వెనక్కి వెళ్లగానే బంగారక్క, జుట్టుపోలిగాడు దూకేవాళ్లు. మా తూర్పు భాగవతంలో సత్యభామ విరహం ముదిరినప్పుడు మాధవి వచ్చి మాట కలుపుతుంది. బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యం వంత, ఇంకో పక్క రాజకీయం వంత. షేక్ నాజర్ అల్లూరి సీతారామరాజు కథ చెబుతున్నప్పుడు కూడా ఆ ఇద్దరూ కథని ఆపి, అడ్డు ప్రశ్న వేసి, నవ్వించి, మళ్లీ పట్టాలెక్కించేవారు. మా జిల్లాల జముకుల కథ కూడా ఈ కుటుంబమే, సుబ్బారావు పాణిగ్రాహి దాన్ని శ్రీకాకుళ రైతుల పోరాటం దాకా తీసుకెళ్లాడు. జపాన్‌లో రోజంతా సాగే నో నాటకాల మధ్య క్యోగెన్ అనే పొట్టి హాస్య నాటికలు ఆడతారు. అక్కడా కునికిపాట్లే కారణమై ఉంటాయనుకుంటాను, మనిషి ఎక్కడైనా మనిషే.

అచ్చు పత్రిక వచ్చాక పిట్టకథ తల్లిని వదిలి బయటికొచ్చింది. కొడవటిగంటి కుటుంబరావు గల్పికలు రాశాడు. వారపత్రికలు కార్డు కథలు, కాలమ్ కథలు, ఒక పేజీ కథలు వేశాయి. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో బతికిన చాసో కథలు చాలామటుకు నాలుగైదు పేజీల్లో ముగుస్తాయి, ఒక్క వాక్యం తీసే వీలుండదు. అవి గొప్ప కథలు, కాదనను. కానీ వాటికి ముందు పద్యం లేదు, వెనక పద్యం లేదు. ఇప్పుడు ఫోనులో వచ్చే నాలుగు వాక్యాల కథ చదవగానే ఇంకో నాలుగు వాక్యాల కథ వస్తుంది. విరామాల మీద విరామాలు. వేటి మధ్య విరామం? "ఎక్కడున్నాం?" అని అడిగేవాళ్లు లేరు, అరిచి చెప్పే పిల్లలు లేరు. మనం పోగొట్టుకున్నది చిన్న కథని కాదు, అది తిరిగి చేరుకోవాల్సిన పెద్ద కథని.

శ్రీకాకుళం కథానిలయంలో కూర్చుంటే మాత్రం నాకు కొంచెం ధైర్యం వస్తుంది. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన అకాడమీ పురస్కారం సొమ్ముతో 1997 ఫిబ్రవరి 22న తెరిచిన ఇల్లు అది. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒక చోట ఉండాలని ఆయన పంతం. అలమారల మధ్య బల్ల దగ్గర కూర్చుని పాత పత్రికల కట్టలు విప్పితే, నవల సీరియల్‌కీ వ్యాసానికీ మధ్య మిగిలిన సగం పేజీలో ఇరికించిన చిన్న కథలు కనిపిస్తాయి. కాగితం అంచులు ముట్టుకుంటే పొడి రాలుతుంది. ఆ సగం పేజీ కూడా ఒక సందే. పేజీ నింపడానికి అడిగితే ఎవరో రాత్రికి రాత్రి రాసి ఇచ్చి ఉంటారు. మాస్టారు 2021 జూన్‌లో వెళ్లిపోయారు, ఆ కట్టలు ఉన్నాయి.

నా కార్డులు పోస్టులో వెయ్యను. 1879 జులైలో కాణీ కార్డుగా మన దేశంలోకి వచ్చిన ఆ చిన్న అట్టముక్కకి నేను ఇచ్చిన పని వేరు. కథ రాయడం అయ్యాక, చదవడం ఆపిన పేజీలో ఆ కార్డు పెట్టి పుస్తకం మూస్తాను. మర్నాడు పొద్దున్న కాఫీ తాగి పుస్తకం అందుకుంటే, ఎక్కడున్నానో అదే చెబుతుంది. నిన్న రాసినదాంట్లో మా సంతలో కత్తిపీటలకి సాన పట్టే ముసలాయన ఉన్నాడు. ఇప్పుడది కర్ణపర్వంలో ఉంది, శల్యుడు కాకి కథ ఎత్తుకున్న చోట.